నెలలు కిలోలైన రోజు

మా మేడం పోయారని మంగళవారం పొద్దున్న తెలిసింది. విశాఖపట్నం బస్సు కోసం చోడవరం బస్టాండులో నిలబడి ఉన్నాను. పాత బ్యాచీల వాట్సాప్ గ్రూపులో నాలుగు రోజులుగా ఎవరివో పెళ్ళి ఫోటోలు వస్తున్నాయి. ఆ ఫోటోల కింద మా జూనియర్ ఒకమ్మాయి రాసింది. మేడం తెల్లవారుజామున గుండెనొప్పితో వెళ్ళిపోయారు, మధ్యాహ్నం ఇంటి దగ్గర ప్రార్థన, ఆ తర్వాత సమాధి కార్యక్రమం అని. దాని కింద వరసగా దండాల బొమ్మలు. నేను ఏ బొమ్మా పెట్టలేదు. బస్సు వచ్చింది, అందరూ ఎక్కారు, కండక్టరు నా వైపు రెండుసార్లు చూసి రైట్ అన్నాడు. నేను అలాగే నిలబడిపోయాను.

నాకు ఆవిడంటే ప్రేమ ఉండేది, భయం ఉండేది. ఏడేళ్ళుగా కొంచెం కోపం కూడా ఉండేది. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు కోపం సంగతి ఎత్తకూడదంటారు. ఎత్తకుండా రాస్తే, ఉన్నది ఉన్నట్టు రాయలేదని ముందు ఆవిడే ఒప్పుకోరు. అందుకని రాస్తున్నాను.

మేడం అంటే చోడవరంలో సగం మందికి కంప్యూటరు నేర్పిన మేడం. స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాక, ఒక ఎరువుల కొట్టు మీది గదిలో ఆరు కంప్యూటర్లతో ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. మెట్లెక్కుతుంటే పురుగుమందుల వాసన ముక్కులు పగలగొట్టేది. వారం రోజులు పోతే అలవాటైపోయి, ఆ వాసన లేకపోతేనే తేడాగా ఉండేది. ప్రోగ్రాములు రాసే సీ ప్లస్ ప్లస్ భాష ఆవిడకి ఎవరూ నేర్పలేదు. యాభై దాటాక పుస్తకాలు తెప్పించుకుని ఒక్కత్తే కూర్చుని నేర్చుకున్నారు. మాది బుచ్చయ్యపేట దగ్గర పల్లెటూరు, నాన్నకి చెరుకే ఆధారం. డిగ్రీ అయ్యి ఉద్యోగం రాక ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటుంటే, ఆటో ఎక్కి వచ్చి ఆవిడ దగ్గర చేరాను.

పాఠం మొదలుపెట్టే ముందు ఫ్యాను ఆపేసేవారు. ఫ్యాను చప్పుడులో మాట తప్పిపోతుందట. మేం చెమటలు కారుతూ వినేవాళ్ళం. మేం చెప్పేది ఆవిడ వినాలంటే మాత్రం కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకునేవారు. ఎంత బాగా రాసి చూపించినా బాగుంది అన్న మాట ఆ నోట రాదు. "ప్రస్తుతానికి తప్పు కనపళ్ళేదు" అనేవారు. ఆ మాట వచ్చిందంటే మేం ఆ పూట కాలరెగరేసుకుని తిరిగేవాళ్ళం.

ఆ రోజుల్లో కరెంటు తరచూ పోయేది. కరెంటు పోతే కంప్యూటర్లు ఆగుతాయి గాని ఆవిడ క్లాసు ఆగదు. గది మధ్యలో ఒక చెక్క కుర్చీ వేసి మాలో ఒకరిని కూర్చోబెట్టేవారు. ఆ కుర్చీలో ఉన్నవాళ్ళే ఆ పూటకి కంపైలరు, అంటే మనం రాసిన ప్రోగ్రామును చదివి కంప్యూటరుకు అర్థమయ్యేలా మార్చిపెట్టేది. ఇంకొకరు తాము రాసిన ప్రోగ్రాము కాగితం మీద నుంచి లైను లైనూ గట్టిగా చదవాలి. బాగుంటే కుర్చీలో వాళ్ళు సరే అనాలి, తప్పుంటే ఒప్పుకోను అనాలి. వీటితో పాటు ఆవిడ పెట్టిన మూడో మాట ఒకటుంది. అది ఏ పుస్తకంలోనూ లేదు. ఒకచోట ఒక రకం విలువ కావాల్సి ఉండి, చదివేవాళ్ళు ఇంకో రకం ఇస్తే, కంపైలరు కొన్నిసార్లు నోరెత్తకుండా దాన్ని మార్చేసుకుంటుంది. మన కుర్చీ కంపైలరు అలా మార్చుకున్న ప్రతిసారీ "మార్చేను" అని పైకి చెప్పి తీరాలి.

మొదట్లో మాకిది పిల్లలాటలా ఉండేది. ఎందుకింత పట్టుదల అని ఒకసారి అడిగాను. ఆవిడ ఫ్యాను ఆపి మరీ చెప్పారు. అంకెలూ అక్షరాలూ భాషే ఇస్తుంది, వాటి సంగతి దానికి తెలుసు. కాని బరువు, వయసు, దూరం లాంటి కొత్త రకాలు మనం తయారు చేసుకుంటాం. అంకె ఇస్తే బరువు ఎలా కట్టాలో దానికి ఒకసారి నేర్పామా, ఇక బరువు కావాల్సిన చోట ఏ అంకె కనబడినా బరువు చేసేస్తుంది. ఆ అంకె దేనిదని అడగదు.

"అది మంచిదేనే. నీకు పని తగ్గిద్దారనే చేస్తది. కాని చేసేనని నీతో సెప్పదు. సెప్పకుండా చేసే సాయం దగ్గిరే మనం కళ్ళు తెరుసుకుని ఉండాల."

నేను తలూపాను. తలూపడంలో నన్ను మించినవాళ్ళు ఆ గదిలో లేరు.

ఏడాది తిరిగేసరికి నేనే చిన్న క్లాసులకి చెప్పే స్థాయికొచ్చాను. అప్పుడే చోడవరంలో ఒక పిల్లల డాక్టరు గారు మేడంని అడిగారు, మందు చీటీలు అచ్చు వేసే చిన్న ప్రోగ్రాము ఎవరైనా రాసిపెడతారా అని. మేడం నా పేరు చెప్పారు. నా మొదటి పని అది. పిల్ల పేరు, ఊరు, వయసు కొడితే ఏ మందు ఎంత పొయ్యాలో లెక్క కట్టి చీటీ వస్తుంది. డాక్టరు గారు చూసి సంతకం పెడతారు. మూడు నెలలు బ్రహ్మాండంగా నడిచింది. మా నాన్న చెరుకు తోలడానికి వెళ్ళిన చోటల్లా మా గుంట డాక్టరు గారి మిషను రాసింది అని చెప్పుకునేవాడు.

తర్వాత డాక్టరు గారు ఒక మార్పు అడిగారు. వయసును బట్టి మందు లెక్క కడితే మన వైపు పిల్లలకు ఎక్కువైపోతోంది, కొండవార ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు వయసుకు తగ్గ బరువు ఉండటం లేదు, ఇకపై బరువును బట్టే కట్టాలి అన్నారు. మంచి మాట. నేను బరువు అని ఒక కొత్త రకం తయారు చేశాను. అంకె ఇస్తే అన్ని కిలోల బరువు అవుతుంది. ప్రోగ్రాములో మందు లెక్కగట్టే ముక్కకు ఇదివరకు నెలల్లో వయసు ఇచ్చేవాళ్ళం, ఇకనుంచి బరువు ఇవ్వాలని మార్చాను. ఆ ముక్కను వాడే చోట్లన్నీ వెతికి మార్చే ఓపిక నాకు లేదు. పాత పద్ధతిలో మిగిలిపోయిన చోట కంపైలరే ఒప్పుకోనని అరుస్తుంది కదా, అరిచిన చోట దిద్దుకుంటే పోయింది అనుకున్నాను. కొత్తగా వచ్చే పిల్లల స్క్రీను దిద్దాను. కంపైల్ చేశాను. ఎక్కడా చప్పుడు లేదు. చప్పుడు లేదంటే అన్నీ సరిగ్గా ఉన్నట్టే అనుకున్నాను.

కాగితాల మీద అచ్చు తీసి మేడంకి ఇచ్చాను. రెండు రోజులుంచుకుని, చివరి పేజీలో ఎర్ర సిరాతో టిక్కు పెట్టి తిరిగిచ్చారు. ప్రస్తుతానికి తప్పు కనపళ్ళేదు అన్నారు.

తొమ్మిది రోజుల తర్వాత ఒక సోమవారం. పదకొండు గంటల క్లాసు. కరెంటు ఉంది, అయినా కుర్చీ ఆట ఆడదామని నేనే అన్నాను. నిజంగా నడుస్తున్న ప్రోగ్రాము ఎలా ఉంటుందో కొత్త పిల్లలకు చూపించాలని నా గొప్ప. మేడం ఆ రోజు తానే కుర్చీలో కూర్చుని కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. నేను నిలబడి చదువుతున్నాను. సరే, సరే అంటూ వస్తున్నారు. కొత్త పిల్లల స్క్రీను అయిపోయింది. పాత పిల్లలు మళ్ళీ చూపించుకోవడానికి వస్తే తెరిచే స్క్రీను మొదలైంది. మందు లెక్కకు నెలలు ఇస్తున్న లైను చదివాను.

"మార్చేను" అన్నారు మేడం.

నేను ఆగలేదు, తర్వాతి లైను అందుకున్నాను. ఆవిడ చెయ్యెత్తారు.

"ఏటి మార్చేరు మేడం?" అని ముందు బెంచీలోంచి ఒకమ్మాయి అడిగింది.

"నెలల్ని కిలోలు చేసేను."

క్లాసు ఘొల్లుమంది. నేనూ నవ్వబోయాను, నవ్వు రాలేదు. లెక్కకు కావాల్సింది బరువు. నేను ఆ ఒక్కచోట మార్చడం మర్చిపోయి పాత నెలలే ఇచ్చాను. నెలలంటే వట్టి అంకె. అంకె కనబడింది కాబట్టి కంపైలరు దాన్ని బరువు చేసుకుని ఊరుకుంది. అరుస్తుందనుకున్నది అరవలేదు. ఇరవై నెలల పిల్ల మళ్ళీ చూపించుకోవడానికి వస్తే నా ప్రోగ్రాము లెక్కలో ఇరవై కిలోల పిల్ల. ఏడాది లోపు పిల్లలకు నెలలూ కిలోలూ కాస్త అటూ ఇటూగా ఉంటాయి కాబట్టి తొమ్మిది రోజులూ ఎవరికీ అనుమానం రాలేదు. మేడం కళ్ళజోడు పెట్టుకుని లేచారు. పిల్లల్ని ఇంటికి పొమ్మన్నారు.

ఆసుపత్రి నాలుగు వీధుల అవతల. సీజను కదా, చెరుకు ట్రాక్టర్లు రోడ్డు నిండా ఉన్నాయి. వాటి మధ్యలోంచి ఆవిడ ఆ వయసులో నాకంటే ముందు నడిచారు. డాక్టరు గారు మొత్తం విన్నారు. ముందు కంప్యూటరు ఆపించారు, తర్వాత రిజిస్టరు తెప్పించారు. తొమ్మిది రోజుల్లో మళ్ళీ చూపించుకోవడానికి వచ్చిన పిల్లలు పదకొండు మంది. ప్రతి చీటీ మీదా ఆయన సంతకం ఉంది. వైరల్ జ్వరాల రోజులు, వసారా దాటి జనం నిలబడుతున్నారు, మొదట్లో ఒక్కో చీటీ మళ్ళీ లెక్క కట్టి చూసుకున్నవారే నా ప్రోగ్రాము మీద నమ్మకం కుదిరి సంతకం పెట్టేస్తున్నారు. నర్సమ్మ ఒక్కొక్కరికే ఫోను చేస్తూ వచ్చింది. చాలామందికి తేడా చిన్నది, ఎవరికీ ఏమీ కాలేదు. పదిమంది దొరికారు.

పదకొండో పిల్ల ఆ రోజు పొద్దున్నే వచ్చి వెళ్ళింది. చీడికాడ దాటాక కొండవార ఊరు. ఇరవై నెలలు, ఎనిమిది కిలోలు. ఇచ్చింది మామూలు జ్వరం మందు కాదు, ఫిట్స్ మందు. ఇంటికి వెళ్ళగానే ఒక మోతాదు, సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఇంకోటి. పొయ్యాల్సిన దానికి రెండున్నర రెట్లు రాసి ఉంది. ఫోను కలవడం లేదు. ఆ ఊళ్ళో సిగ్నలు అందదు. ఊరి ఆశా కార్యకర్త మీటింగుకని పైఊరు వెళ్ళింది. డాక్టరు గారు చీడికాడ ప్రభుత్వాసుపత్రికి ఫోను చేసి సిద్ధంగా ఉండమన్నారు. ఒక మోతాదు పడి ఉంటే పర్వాలేదు అన్నట్టు ఆయన ముఖం లేదు. రెండోది పడితే ఊపిరికే ప్రమాదం అన్నారు.

మేడం ఆటోను మొత్తంగా మాట్లాడారు. నన్ను ఎక్కమనలేదు, ఎక్కుతానని తెలిసినట్టు జరిగి చోటిచ్చారు.

ఆ ప్రయాణం నాకిప్పటికీ కలలోకి వస్తుంది. ఎదురుగా చెరుకు ట్రాక్టర్లు, ఒక్కోటి దారివ్వడానికి పక్కకు జరగాలంటే పొలంలోకే దిగాలి. ఆటో అతను హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. మేడం వాచీ చూసుకుంటూ, రోడ్డు చూస్తూ కూర్చున్నారు. తిట్టినా బాగుండేది. నాకు ఏడుపుతో పాటు పాడు ఆలోచనలు కూడా వచ్చాయి, దాచడం ఎందుకు. వెళ్ళాక సిస్టంలో తప్పొచ్చిందని చెబుదాం మేడం అన్నాను.

"సిస్టం అంటే ఎవులే? దానికి అమ్మా అబ్బా నేరేటి?"

చీడికాడ దాటాక దారి మట్టిరోడ్డయింది. ఊరి మొదట్లో అడిగితే ఇల్లు చూపించారు. పెంకుటిల్లు. ఇరవై ఏళ్ళు దాటని తల్లి అరుగు మీద కూర్చుని చేట పట్టుకుని బియ్యం చెరుగుతోంది. మేడం పాప ఏదమ్మా అని అడిగారు.

"నోపల పడుకుందమ్మా. నాల్రోజుల్నించి కన్ను మూయనేదు, ఇయ్యాళ మందేసేక ఒల్లెరక్కుండా నిద్దరోయింది" అంది ఆమె సంతోషంగా.

లోపల చీర ఉయ్యాల. మేడం పాపను ఎత్తగానే తల వెనక్కి వాలిపోయింది. అరికాలు మీద వేలితో గట్టిగా కొట్టారు. పాప ముఖం కొంచెం చిట్లించి మళ్ళీ వదిలేసింది. మేడం వాచీ చూస్తూ ఊపిరి లెక్కపెట్టారు. ఒక నిమిషం. నేను పాప పొట్ట పైకి లేవడం చూస్తున్నాను, లేచిన ప్రతిసారీ ఇంకోసారి లేస్తుందా అని చూస్తున్నాను.

తల్లికి అనుమానం వచ్చింది. ఏటయింది, మీరెవరు అని అడిగింది. మేడం నా వైపు తిరిగారు.

"నువ్వు సెప్పు. ఎవులు రాసేరో అది సెప్పు."

చెప్పాను. మందు ఎక్కువ పడిందని, అది నేను రాసిన ప్రోగ్రాములో తప్పని, డాక్టరు గారి దగ్గర అచ్చయ్యే చీటీ నేను రాసిన దాన్ని బట్టే వస్తుందని, పాప వయసును బరువు అనుకునేలా రాశానని. సగం మింగి సగం చెప్పాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. కొడుతుందనుకున్నాను.

"ఈ సీటీ నువ్వు రాసేవా?"

"నేనే."

"మరి నడండి" అంది.

అంతే. తలుపు దగ్గరకు వేసి, మందు సీసా కొంగున కట్టుకుని, పాపను తెచ్చి ఆటోలో నా ఒళ్ళో పెట్టింది. ఎందుకు నా ఒళ్ళో పెట్టిందో నాకిప్పటికీ తెలియదు. తాను ఆటో కమ్మీ పట్టుకుని పక్కనే కూర్చుని పాప ముఖం మీద నుంచి చూపు తిప్పలేదు. ఆ దారంతా పాప ఊపిరి నా మోచేతికి తగులుతూ ఉంది. ఎనిమిది అనే అంకెను అంతకుముందు వందసార్లు కొట్టి ఉంటాను. ఎనిమిది కిలోలంటే ఎంతో ఆ మట్టిరోడ్డు మీద తెలిసింది.

చీడికాడ ఆసుపత్రిలో సెలైన్ పెట్టారు, ఆక్సిజన్ పెట్టారు, అరగంటకోసారి వచ్చి చూశారు. మేం ముగ్గురం బెంచీ మీద కూర్చున్నాం. తల్లి ఒక్కసారే మాట్లాడింది, మేడంని ఎంతమంది పిల్లలని అడిగింది. మేడం ఒక కూతురు, రాయపూర్‌లో ఉంది అన్నారు. ఎండ బెంచీ మీద నుంచి గోడ మీదికి, గోడ మీద నుంచి చూరు మీదికి పోయింది. అయిదు దాటాక పాప కళ్ళు తెరిచి, చేతికున్న సూది చూసుకుని, గుక్కపెట్టి ఏడ్చింది. అంత చక్కటి ఏడుపు నేను జన్మలో వినలేదు. తల్లి నవ్వుతూ ఏడుస్తూ దాన్ని ఎత్తుకుంది. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను. మేడం బయటికి వెళ్ళి మెట్టు మీద కూర్చుని, కళ్ళజోడు తీసి చీర కొంగుతో చాలాసేపు తుడిచారు. నేను వెళ్ళి పక్కన కూర్చుంటే చెప్పిందల్లా ఒకటే. రేపు పొద్దున్న క్లాసుకు రావాలి, ఆ లైను బోర్డు మీద నువ్వే రాయాలి అని.

రాశాను. అందరి ముందూ జరిగిందంతా చెప్పాను. ఆవిడ సుద్దముక్క తీసుకుని రెండు దిద్దుబాట్లు చూపించారు. బరువు కట్టే చోట ముందు ఎక్స్‌ప్లిసిట్ అనే ఒక్క మాట పెడితే, మనం నోరు తెరిచి అడిగితే తప్ప కంపైలరు ఏ అంకెనూ బరువు చెయ్యదు. రెండోది, వయసును వట్టి అంకెగా వదిలెయ్యకుండా దానికీ ఒక సొంత రకం కట్టాలి. వయసును అంకె చేసి, ఆ అంకెను మళ్ళీ బరువు చెయ్యమంటే కంపైలరు ఒప్పుకోదు. మనం కట్టిన రకాల మధ్య అది చెప్పకుండా ఒక్కసారే మారుస్తుంది, వరసగా రెండోసారి మార్చదు.

"ఒక అడుగు నీకోసం ఏస్తది. రెండో అడుగు నువ్వే ఎయ్యాల" అన్నారు. ఆ రెండు దిద్దుబాట్లూ చేసి, ప్రతి స్క్రీనూ మేడంకీ తనకీ చదివి వినిపించాకే డాక్టరు గారు మళ్ళీ కంప్యూటరు పెట్టనిచ్చారు. సంతకం పెట్టే ముందు ప్రతి చీటీ చేత్తో లెక్క కట్టి చూడటం మాత్రం ఆయన ఇక మానలేదు.

ఇప్పుడు కోపం సంగతి. ఆ రోజు ఆ ఇంట్లో నన్ను నిలబెట్టి చెప్పించారు, బాగానే ఉంది. మర్నాడు క్లాసులో చెప్పించారు, అదీ బాగానే ఉంది. కాని నా కాగితాల చివరి పేజీలో ఆవిడ టిక్కు ఉంది. ఆవిడా చూశారు, ఆవిడకీ కనపళ్ళేదు. ఆ మాట ఆ తల్లి ముందు గాని, క్లాసులో గాని, ఏడేళ్ళలో నా ముందు గాని ఒక్కసారి కూడా అనలేదు. నాకు విశాఖపట్నంలో ఉద్యోగం వచ్చింది, రోజూ చోడవరం నుంచి తిరుగుతున్నాను, పండక్కి పబ్బానికి ఆవిడ దగ్గరకు వెళ్తూనే ఉన్నాను, క్రిస్మస్‌కి కేకు పెట్టేవారు, తినేదాన్ని. లోపల ఆ ముల్లు అలాగే ఉంది. తప్పు ఒప్పుకోవడం నాకు నేర్పారు గాని తాను ఒప్పుకోలేదు కదా అనుకునేదాన్ని. అడిగి ఉండొచ్చు. అడగలేదు. ఆవిడ ఏమంటారోనని భయం.

ఆ మంగళవారం మధ్యాహ్నం సమాధుల తోటలో పాటలు అయ్యాయి, పాస్టరు గారు ప్రార్థన చేశారు, అందరం తలో గుప్పెడు మట్టి వేశాం. వెనక్కి తిరిగేసరికి గోడ పక్కన ఒకామె స్కూలు యూనిఫాంలో ఉన్న పిల్లతో నిలబడి ఉంది. ఆమెను గుర్తుపట్టడానికి కొంచెం టైము పట్టింది. పిల్లను చూశాక తెలిసింది, ఆ కొండవార ఊరి తల్లే. అంత దూరం నుంచి మీకెలా తెలిసిందని అడిగాను.

ఈ నెల మేడం రావాల్సిన రోజు దాటిపోయిందని, ఏమయిందోనని పొద్దున్న ఫోను చేస్తే, అమ్మను చూడ్డానికి వచ్చి ఉన్న కూతురు ఎత్తి చెప్పిందని అంది. నాకు అర్థం కాలేదు. మేడం మీ ఊరు రావడమేంటి అన్నాను.

"నీకు తెల్దా? పాపని ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన మూడో నాడే ఒక్కత్తీ బస్సెక్కి వచ్చేరు. ఆ గుంట ఒక్కత్తిదే కాదమ్మా తప్పు, ఆ కాయితాలు నేనూ సూసేను, సూసి బాగుందని పంపించేను, నన్ను కూడా అనాల్సింది అనేయమ్మా అన్నారు. అనడానికేటుంది, పిల్ల బతికింది కదా అన్నాను. మరప్పుట్నించి నెలనెలా వచ్చి దీన్ని తూసి పోతారు."

నాకెందుకు చెప్పలేదని అడగాల్సిన మనిషి మీద ఇప్పుడే మట్టి వేసి వచ్చాను. నాతో చెబితే నా తప్పు బరువు కొంత తగ్గుతుందని చెప్పలేదో, చెప్పాల్సింది నాకు కాదు, ఆ తల్లికి అనుకున్నారో తెలియదు. ఏడేళ్ళ కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఆ గోడ పక్కనే కూర్చుని ఏడ్చాను. ఆమె నా వీపు మీద చెయ్యి వేసి నిలబడింది.

తర్వాతి ఆదివారం ఆ ఊరు వెళ్ళాను. ఇప్పుడు రోడ్డు పడింది. లోపలి గదిలో తలుపు వెనక, సున్నం గోడ మీద, నీలం ఇంకుతో వరసలు. మేడం చేతిరాత. ఇరవై ఒక్క నెలలు, ఎనిమిదిన్నర కిలోలు. ఇరవై రెండు నెలలు, ఎనిమిది కిలోల ఎనిమిది వందల గ్రాములు. పైనుంచి కిందికి, మళ్ళీ పక్కన పైనుంచి కిందికి, గోడ సగం నిండిపోయింది. ఒక్క అంకె కూడా వట్టిదిగా లేదు. నెలలైతే నెలలు, కిలోలైతే కిలోలు, అక్షరాలు పూర్తిగా రాసి ఉన్నాయి. చివరి వరస పోయిన నెలది. దాని కింద గోడ ఖాళీగా ఉంది.

తల్లి మంచం కింద నుంచి తూకం మిషను లాగి మధ్యలో పెట్టింది. ఏమీ అడగకుండా పెన్ను నా చేతికిచ్చింది. పిల్ల గబగబా వచ్చి ఎక్కి నిలబడింది. నేను వంగి అంకె చూసి గోడవైపు తిరిగాను.

"జోళ్ళు ఇప్పమని సెప్పవేటి?" అంది పిల్ల వెనక నుంచి. "మేడమయితే జోళ్ళతో తూసీది కాదు."

దిగి, జోళ్ళు విప్పి పక్కన పెట్టి, మళ్ళీ ఎక్కింది. చేతులు రెండూ ఒంటికి ఆనించుకుని, ఎదురుగా గోడ మీది నీలం వరసల వైపు చూస్తూ, ఊపిరి బిగబట్టి నిలబడింది. మేమిద్దరం వంగి చూస్తున్నాం. ముల్లు ఇంకా ఊగుతూనే ఉంది.